ఖాళీ గడిలో గీత

నాకు అరబ్బీ టైపు నేర్పిన ఉస్తాద్ ఒక మలబారీ. మస్కట్‌కు వచ్చిన కొత్తలో ఆరు నెలలు ఆయన బల్ల పక్కన నిలబడి పని నేర్చుకున్నాను. ఆయన చెప్పినవాటిలో సగం మరిచిపోయాను గాని ఒకటి మాత్రం ఎన్నడూ తప్పలేదు. సర్కారు కాగితంలో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. రాయడానికి ఏమీ లేకపోతే ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత కొట్టాలి. ఖాళీ వదిలితే రేపు ఎవడో వచ్చి తనకు కావలసింది అందులో ఇరికిస్తాడు, ఆ తర్వాత బోనులో నిలబడేది టైపు కొట్టినవాడు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన నా వేళ్ల మీద స్కేలుతో ఒకటి వేశాడు కూడా. అందుకే బాగా గుర్తుంది.

నా పేరు ఖాదర్‌వలి, మాది కడప జిల్లా. 1989 నుంచి మస్కట్ పక్కనున్న సీబ్‌లో బల్దియా, అంటే మున్సిపాలిటీ ఆఫీసుకు ఎదురుగా ఉన్న ఒక టైపింగ్ దుకాణంలో పనిచేశాను. మదరసాలో నాలుగేళ్లు చదివిన అరబ్బీ నాకు అక్కడ అన్నం పెట్టింది. ఇల్లు అద్దెకిచ్చేవాడూ వచ్చేవాడు, తీసుకునేవాడూ వచ్చేవాడు. ఇద్దరికీ కాగితం కొట్టేది నేనే. పొద్దున యజమాని తరఫున నోటీసు కొట్టి, సాయంత్రం అద్దెదారు తరఫున జవాబు కొట్టిన రోజులున్నాయి. సిగ్గుపడాలని నాకెవరూ చెప్పలేదు.

అక్కడి మనవాళ్లను నేను ఊరి పేర్లతో కాక, నెత్తిమీది కప్పును బట్టి గుర్తుపెట్టుకునేవాణ్ణి. కంపెనీ రూములో ఉండేవాడికి డ్యూటీ ఉన్నన్నాళ్లే రూము, పని పోయిననాడే పెట్టె గడప దాటుతుంది. అరబ్బుల ఇళ్లలో చేసే మా కడప, గోదావరి ఆడవాళ్లకు వంటింటి వెనక గది, దానికి తలుపుంటుంది గాని లోపల గడియ ఉంటుందన్న భరోసా లేదు. ఇక బెడ్డు మీద ఉండేవాళ్లు. మంచం వాళ్లది కాదు, ఆ మంచాన్ని అద్దెకిచ్చినవాడిది కూడా కాదు, వాడూ ఇంకొకడి దగ్గర అద్దెకున్నవాడే. వీళ్లెవ్వరికీ కాగితం ఉండదు. కాగితమంటే ఇల్లుగలాయన, అద్దెకొచ్చినాయన ఇద్దరూ సంతకాలు చేసి, బల్దియాలో నమోదు చేయించి, ముద్ర వేయించుకున్న ఒప్పందం. అది ఉన్నవాణ్ణి గడువు లోపల ఇంటి యజమాని కూడా ఊరికే లేపలేడు. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. తెలిసిన నలుగురూ చెప్పరు, వాళ్లే మంచాలు అద్దెకిచ్చుకుంటుంటారు కాబట్టి.

1992 ఫిబ్రవరిలో మెట్‌పల్లి వైపువాళ్లు తొమ్మిదిమంది నా బల్ల ముందుకు వచ్చారు. అందరూ మేస్త్రీలు, కూలీలు. పేరుకు ఒక్కొక్కడికీ వీసా ఇచ్చిన ఖఫీల్ ఉన్నాడు గాని పని మాత్రం ఎవరిది వాళ్లే వెతుక్కోవాలి. అలాంటివాళ్లకు కంపెనీ రూము ఉండదు. అందరిలో పెద్ద గంగన్న, గోడలకు సిమెంటు పూసే గిలాబు మేస్త్రీ, యాభై ఆరేళ్లవాడు. చురుకైనవాడు ఓంకార్, పికప్ నడుపుతాడు, ఇరవై ఏడేళ్లుంటాయి, నోటితో అరబ్బీ దంచేస్తాడు. వాళ్ల వెనకాల భుజాలు కుదించుకుని నిలబడ్డవాడు నర్సింగ్.

వాళ్లు అంతకు ముందు పదిమంది. కిందటి జూన్‌లో మంచాలిచ్చినవాడు గంట టైమిచ్చి అందరినీ బయటికి నెట్టాడు. వాడికి ఇల్లిచ్చినవాడు వాణ్ణి లేపాడట, వాడు వీళ్లను లేపాడు. నర్సింగ్‌ను కాలరు పట్టి ఈడ్చాడు. పెట్టెలు నెత్తిన పెట్టుకుని వెళ్లి, కట్టడం ఆగిపోయిన ఒక ఇంట్లో పదకొండు రోజులున్నారు. కప్పు లేదు, నీళ్లు లేవు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం మల్లేశం అనే కుర్రాడు ఎండదెబ్బకు పడిపోయి మళ్లీ లేవలేదు. వాడు గంగన్నకు సొంత మేనల్లుడు. చెల్లెలికి నచ్చజెప్పి, తనే వెంటబెట్టుకుని తెచ్చుకున్న పిల్లవాడు. ఈ కథంతా ఓంకార్ చెబుతుంటే గంగన్న గోడమీద అతికించిన కాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

సీబ్ సూకు, అంటే బజారు వెనకాల ఒక పాత ఇల్లు దొరికింది. మూడు గదులు, వాకిలి, బావి. ఇల్లుగలాయన ముసలి ఒమానీ, మంచివాడు. ఇంతకు ముందు ఒకడు ఇల్లు తీసుకుని బెడ్ల వ్యాపారం పెట్టి మోసం చేశాడని మాత్రం ఆయనకు కోపం. అందుకని నాలుగేళ్లకు ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టించాడు. కాగితంలో పేరున్న మనిషి ఆ ఇంట్లోనే ఉండాలి. నెలకు మించి ఇల్లు వదిలి పోతే ఒప్పందం అక్కడితో సరి.

పేరు ఎవరిదని అడుగుతూనే నా వేలు ఓంకార్ వైపు వెళ్లింది. వయసులో ఉన్నాడు, వీసా గట్టిది, ఇంకో పదేళ్లు ఈ దేశం కదలడు. ఓంకార్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“గదేం మాట భాయ్. గంగన్న కాక ఉండంగ నా పేరెట్ల రాస్తవ్? మా ఊర్లె తెలిస్తే మొకం మీద ఉమ్మేస్తరు.”

మిగతావాళ్లంతా అదే మాట అన్నారు. వాళ్ల ఊళ్లో బావి తవ్వినా, పంచాయితీ తెగినా కాగితం మీద మొదటి వేలిముద్ర పెద్దమనిషిది. అది మర్యాద. ఆ మర్యాదను వాళ్లు సముద్రం దాటించి తెచ్చుకున్నారు. అందరికన్నా ముందు దేశం విడిచి పోవలసింది అందరికన్నా పెద్దవాడేనన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. గంగన్న తనకు సంతకం కూడా రాదని నసిగాడు గాని, మొహం మాత్రం వెలిగింది. అడ్డం చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు.

ఇంకోటి కూడా చెప్పలేదు. ఫారంలో అద్దెదారు పేరు కింద ఒక పొడుగాటి గడి ఉండేది. అతనితో పాటు ఒప్పందంలో చేరేవాళ్ల పేర్లు రాసేది. అందులో పేరు ఎక్కినవాడికి మొదటివాడికి ఉన్న హక్కే ఉంటుంది. అది నింపాలంటే ఎనిమిదిమంది పాస్‌పోర్టు నకళ్లు కావాలి. ఆ పాస్‌పోర్టులు ఎనిమిదిమంది ఖఫీళ్ల దగ్గరున్నాయి, గంగన్నది ఒక్కటే చేతిలో ఉంది. వారం పట్టేది, అంతే. అప్పుడు మధ్యాహ్నం నమాజుకు పిలిచే జొహర్ బాంగు వినబడుతోంది, దుకాణం మూసే వేళ, బయట ఏడుగురు కాచుకుని ఉన్నారు. నాకు ఆకలిగా ఉంది. గడిలో ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత కొట్టి కాగితం లాగేశాను. గంగన్న వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలిని తలకు రాసుకుంటూ నాకు దండం పెట్టాడు.

ఆ ఇంట్లో వాళ్లు బాగా బతికారు. ఇది కూడా చెప్పాలి. గంగన్న డ్యూటీ నుంచి వచ్చి, పెచ్చులూడిన గోడలన్నిటికీ తన చేత్తో గిలాబు చేశాడు. సైట్లలో మిగిలిన సిమెంటు తెచ్చి తలుపు ముందు పొడుగాటి అరుగు కట్టాడు, మొత్తం సీబ్‌లో అలాంటి అరుగు ఇంకొకటి లేదు. కాగితానికి అద్దం కట్టించి, దేవుడి పటం పక్కన గోడకు తగిలించారు. నేను శుక్రవారాలు అక్కడికే భోజనానికి పోయేవాణ్ణి. నా మాట వాళ్లకు నవ్వు, వాళ్ల మాట నాకు నవ్వు. నేను ‘తినల్ల’ అంటే చాలు, అందరూ కలిసి నన్ను వెక్కిరించేవాళ్లు. ఆ ఇంటికి వెళ్లే దారి ఎవరైనా అడిగితే గంగన్న ఇల్లు అనే చెప్పేవాళ్లు. ముసలాయనకు అది వినబడితే మీసం కింద నవ్వు దాచుకునేవాడు.

1993 చివర ఇల్లుగలాయన చనిపోయాడు. ఇల్లు ఆయన కొడుకు హమద్ చేతికి వచ్చింది. హమద్ చదువుకున్నవాడు, ఏదో ఆఫీసులో పనిచేసేవాడు, మనలాగే హిందీ మాట్లాడేవాడు. సీబ్ పెరుగుతోంది, చుట్టూ విల్లాలు లేస్తున్నాయి, పాత ఇల్లు పడగొట్టి దుకాణాలు కట్టుకోవాలని అతనికి ఉంది. అందులో తప్పు పట్టడానికి ఏముంది? రెండు నెలల్లో ఖాళీ చేయమని నోటీసు ఇవ్వడానికి నా దగ్గరికే వచ్చాడు. కొట్టి ఇచ్చాను. ఆ సాయంత్రమే గంగన్న ఇంటికి పోయి, గోడమీది కాగితం దింపించి, జవాబు కూడా నేనే కొట్టాను.

వారం తర్వాత బల్దియాలో గుమాస్తా కాగితం చూసి, 1996 ఫిబ్రవరి దాకా గడువుంది, అంతవరకు ఈ మనుషుల్ని కదిలించడానికి వీల్లేదని హమద్‌కు చెప్పేశాడు. నేను అది తెలుగులో చెప్పగానే నర్సింగ్ నా మొహంలోకి చూశాడు.

“అంటే, ఇల్లు గలోడు సుత మమ్ముల లేపరాదా?”

లేపరాదన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. బయటికి వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు, ఆ వెంటనే నవ్వాడు. ఆ సాయంత్రం జిలేబీలు తెచ్చి నా దుకాణం చుట్టుపక్కల అందరికీ పంచారు. నేను పెద్ద లాయరులా కాలు మీద కాలు వేసుకుని తిన్నాను. హమద్ కూడా గొడవ చేయలేదు. సరే, ఎదురుచూస్తానన్నాడు. అన్నమాట ప్రకారం రెండు వారాలకొకసారి వచ్చి, అరుగు మీద కూర్చుని, గంగన్న ఇంట్లోనే ఉన్నాడా లేదా అని తన కళ్లతో చూసుకుని పోయేవాడు.

1994 ఎండాకాలంలో గంగన్నకు దగ్గు పట్టుకుంది. మొదట అందరిలాగే ఏసీ గాలికి వచ్చిందనుకున్నాడు. తర్వాత అరుగు నుంచి బావి దాకా నడిస్తే ఊపిరి అందేది కాదు. ఆస్పత్రిలో ఫొటో తీసి చూసి, ముప్పై ఏళ్ల సిమెంటు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నారు. పని మానాలి, ఈ ఎండలో ఉండకూడదు, ఇంటికి పోయి తనవాళ్ల మధ్య ఉంటే మంచిదని డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్లని గంగన్న అడగలేదు. ఓంకార్ డాక్టరును పక్కకు పిలిచి అడిగాడు, ఆ జవాబు మాకెవ్వరికీ చెప్పలేదు, చెప్పనక్కర లేకపోయింది కూడా.

గంగన్న నా దుకాణానికి రెండుసార్లు ఆగి ఆగి నడిచి వచ్చాడు. పోవాలని ఉందన్నాడు. మెట్‌పల్లి దగ్గర ఊళ్లో పెంకుటిల్లుంది, భార్య యాదవ్వ ఉంది, వాకిట్లో మంచం వేసుకుని పడుకుంటే చాలన్నాడు. కాగితం ఓంకార్ పేరు మీదికి మార్చిపెట్టమన్నాడు. దానికేముంది, రేపే మారుస్తానని నేను గొప్పగా చెప్పి బల్దియాకు పోయాను.

గుమాస్తా ఫైలు తీశాడు. పేరు మార్చడమంటే కొత్త ఒప్పందమే, దానికి యజమాని సంతకం కావాలన్నాడు. హమద్ పెట్టడని మా ఇద్దరికీ తెలుసు. ఏదైనా దారి ఉందా అని అడిగాను. అతను ఫారం నా వైపు తిప్పి, పొడుగాటి గడి మీద వేలు పెట్టాడు. ఇక్కడ ఒక్క పేరు ఉన్నా ముసలాయన నిశ్చింతగా పోవచ్చు, ఆ పేరుగలవాడు మిగిలిన గడువు ఉండవచ్చు, ఇక్కడ గీత ఉంది కదా అన్నాడు. ఎవరు కొట్టారో అతనికి తెలియదు.

దుకాణానికి తిరిగి వచ్చి, యజమాని సంతకం లేనిదే పేరు మారదని మాత్రం చెప్పాను. అది అబద్ధం కాదు. ఆ మాట వెనక దాక్కోవచ్చని అప్పుడే నాకు తెలిసింది. నా మీద వాళ్లకున్న నమ్మకం పోతుందని భయపడ్డాను. ఇంకా నిజం చెప్పాలంటే, శుక్రవారం భోజనం పోతుందని కూడా భయపడ్డాను. హమద్ దగ్గరికి నేనే పోయి బతిమాలాను. అతను టీ ఇప్పించి, గంగన్న ఆరోగ్యం అడిగి, సంతకం మాత్రం పెట్టనన్నాడు.

ఆ శుక్రవారం అందరూ అరుగు మీద కూర్చున్నారు. గంగన్నను ఉండమని ఒక్కడూ అనలేదు. వెళ్లమని కూడా ఎవరికీ నోరు రాలేదు. ఆ సంవత్సరం సీబ్‌లో బెడ్డు దొరకడం ఎంత కష్టమో ఒకరికొకరు చెప్పుకున్నారు, అదీ గంగన్న వైపు చూడకుండా. ఇరవై రోజులు పోయి చూసి రమ్మని ఎవరో సలహా ఇచ్చారు. పోయినంక మళ్లీ విమానం ఎక్కే బలం తన పెయ్యిలో లేదన్నాడు గంగన్న. చివరికి ఓంకారే ధైర్యం చేశాడు.

“కాకా, నువ్వు పో. నువ్వు పోతే మేం సచ్చిపోతమా ఏంది?”

గంగన్న దగ్గు తగ్గేదాకా ఆగాడు. “మల్లేశం సావలేదా?” అన్నాడు.

ఇక గంగన్న ఉంటున్నట్టే లెక్క. 1996 ఫిబ్రవరి ఇంకా పదహారు నెలల దూరంలో ఉంది.

అప్పటి నుంచి వాళ్లు గంగన్నను కళ్లలో పెట్టుకుని చూసుకున్నారు. కొడుకులు కూడా అలా చూడరు. ఏసీ ఉన్న గది ఆయనకిచ్చి ఆరుగురు వాకిట్లో పడుకున్నారు. నర్సింగ్ రోజూ కాళ్లు పట్టేవాడు. ఓంకార్ ఎక్కడెక్కడి నుంచో మేకపాలు తెచ్చేవాడు. వీసా గడువు దగ్గర పడితే తలా కొంత వేసుకుని ఖఫీల్ చేత రెన్యూ చేయించారు. పని చేయలేని మనిషికి పని వీసా. ఆయన్ను బతికించుకోవాలని వాళ్లకు నిజంగానే ఉంది. ఇంట్లో ఉంచుకోవాలనీ ఉంది. ఆ రెండూ ఒకటే ఎందుకు కావో వాళ్లు ఆలోచించదలుచుకోలేదు. అన్నీ తెలిసిన నేనేం చేశాను? శుక్రవారం పోయి తిని వచ్చాను.

సీబ్ విమానాశ్రయం దగ్గరే కాబట్టి విమానాలు ఇంటి మీదుగా పోయేవి. గంగన్న మంచం మీద పడుకుని శబ్దాన్ని బట్టే ఏది ఏ ఊరిదో చెప్పడం నేర్చుకున్నాడు. మధ్యాహ్నం రెండున్నరకు పోయేది బొంబాయి విమానం. అది పోయేటప్పుడు ఎవరైనా మాట్లాడుతుంటే చెయ్యెత్తి ఆపేవాడు.

యాదవ్వ ఉత్తరానికి బదులు క్యాసెట్టు పంపేది. 1995 ఎండాకాలంలో వచ్చిన క్యాసెట్టు నేను ఉన్నప్పుడే పెట్టారు. ఇంట్లో మంచిచెడ్డలన్నీ చెప్పి, చివర గొంతు మార్చింది.

“గా ఇల్లు నీదా? కిరాయిదేనాయె. కిరాయింటికి కావలి ఉండుడేందయ్యా? ఈడ నీకు ఇల్లు లేదా?”

టేపు ఇంకా తిరుగుతూనే ఉంది, వెనకాల ఎక్కడో గిన్నెల చప్పుడు. పోరగాళ్లు ఒక్కొక్కరే లేచి బయటికి పోయారు. గంగన్న క్యాసెట్టు తిప్పి పెట్టించి జవాబు చెప్పాడు. మాఘమాసం ఎల్లంగనే వస్త, అంతే. నాలుగు మాటలకే అలిసిపోయి టేపు ఆపమన్నాడు.

అక్టోబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం మిగతావాళ్లు బట్టలు ఉతుక్కుంటున్నారు. గదిలో నేనూ గంగన్నా ఉన్నాం. మంచానికి ఎదురుగా గోడమీద ఆ కాగితం. ఆయన చాలాసేపు దాన్నే చూసి, చెయ్యి చాపాడు.

“ఖాదర్, గా గీత ఏంది?”

ఖాళీ జాగా, ఏమీ లేకపోతే అలా కొడతామని చెప్పాను.

“నేను దారం గుంజి గోడలు కట్టినోన్ని. గీత ఊకెనే గియ్యరు. ఏం రాసే జాగ అది?”

ఇంకో అబద్ధం చెప్పొచ్చు. ఆ మనిషి ఏడాదిగా పడుకుని ఆ ఒక్క గీతనే చూస్తున్నాడని అప్పుడు నాకు అర్థమైంది. చెప్పేశాను. మిగతావాళ్ల పేర్లు రాసే జాగా అని, రాసి ఉంటే ఆయన ఎప్పుడో ఇంటికి పోయి ఉండేవాడని, ఆ రోజు పొద్దెక్కిందని నేనే గీత కొట్టానని, ఏడాది నుంచి తెలిసీ దాచానని, అన్నీ చెప్పాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. పైన విమానం పోయింది. అది బొంబాయిది కాదు.

“పోరగాళ్లకు చెప్పకు,” అన్నాడు. “వాళ్లకోసం ఉన్నననుకుంటున్నరు. ఊకెనే పడున్ననని తెలిస్తే ఎట్ల బతుకుతరు?”

సరేనన్నాను. ఊపిరి కూడదీసుకుని మళ్లీ అన్నాడు. “ఇంకెవ్వనికి గట్ల గియ్యకు.”

ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. అరచేయి సిమెంటు పనికి కాయలు కాచి ఇంకా గరుకుగానే ఉంది.

డిసెంబరు మొదటి వారంలో గంగన్న పోయాడు. నర్సింగ్ పక్కనే ఉన్నాడు. రెండున్నర విమానం పోయేటప్పుడు చెయ్యెత్తి మాట్లాడొద్దన్నాడట, ఆ చెయ్యి మళ్లీ తనంతట దించలేదట. గడువుకు ఇంకా పదివారాలున్నాయి.

హమద్ మరుసటి రోజు వచ్చాడు. చెప్పులు వదిలి లోపలికి పోయి చూసి, బయటికి వచ్చి అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. రెండేళ్లు వారం విడిచి వారం చూసిన మనిషి కదా, నిజంగానే ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. ఎనిమిదిమందీ తలలూపారు. కాగితంలో పేరున్న మనిషి లేడు కాబట్టి బల్దియాకు పోయి చెప్పుకోవడానికి ఏమీ లేదు. పదహారు నెలల్లో పద్నాలుగు నెలలు ఒక మనిషి ఊపిరితో ఆ ఇంటిని పట్టుకుని ఉంచాడు. ఓంకార్ ఇబ్రాలో ఒక కంపెనీ రూము వెతుక్కున్నాడు. నర్సింగ్‌కు ఖురియాత్ వైపు ఒక తోటలో పంపు గది దొరికింది, పని ఉన్నన్నాళ్లు. మిగతావాళ్లు మళ్లీ బెడ్లకు పోయారు.

శవాన్ని పంపే కాగితాలు నా దగ్గరే కొట్టించారు. ఇంకెవరి దగ్గరికి పోతారు? ఓంకార్, నర్సింగ్ బల్లకు అటువైపు నిలబడ్డారు. చనిపోయినవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, చేరవలసిన మనిషి పేరు. యాదవ్వ అని కొట్టాను. ఆ కింద ఒక గడి ఉంది. శవంతో పాటు వెళ్లేవారి పేరు.

ఎవరు పోతున్నారని అడిగాను. ఓంకార్ నేల చూశాడు. పాస్‌పోర్టులు ఖఫీళ్ల దగ్గరున్నాయి, కొత్త చోట్ల డ్యూటీ ఎల్లుండి నుంచి, ఇల్లు ఖాళీ చేయాలి. బొంబాయిలో పెట్టె దించుకుని, హైదరాబాదు మీదుగా మెట్‌పల్లి దాకా తోడు పోయే తీరిక ఒక్కడికీ లేదు. వాళ్ల తప్పేం లేదు.

నా పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది. మిషన్ కింద సొరుగులో, అప్పుడు నా మోకాలికి తగులుతూనే ఉంది. మూడేళ్లుగా సెలవు వాడుకోలేదు, అడిగితే దుకాణం యజమాని ఇచ్చేవాడు. పోయి ఆ వాకిట్లో పెట్టె దింపి, యాదవ్వకు ఎదురుగా నిలబడి, నీ పెనిమిటి ఎందుకు రాలేదో నేను చెబుతానమ్మా అని చెప్పాలి. ఆ గడిలో రాయడానికి ఒక పేరు ఉంది. ఆ పేరు నాకు అరబ్బీలో కళ్లు మూసుకుని కొట్టడం వచ్చు.

వెనకాల వరసలో నలుగురు కాచుకుని ఉన్నారు. జొహర్ బాంగు మొదలైంది. ఓంకార్ ఏమైందని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆ గడిలో ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత కొట్టి, కాగితం లాగి అతని చేతికిచ్చాను.